ఏథెన్సును గూల్చిన దెవరు?

ప్రాచీన గ్రీకుల చరిత్రమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మన పఠనమందిరములలో రెండు మాటలు వినవచ్చుచుండును. గ్రీకుల ప్రతిభ యొక జాతికి దైవదత్తమైన వరమనియు, ఆ గాలిలోను ఆ రక్తములోను ఏదో విశేష ముండుటచేతనే యచ్చట తత్త్వశాస్త్రమును, నాటకమును, శిల్పమును, ప్రజాప్రభుత్వమును పుట్టినవనియు మొదటి మాట. అట్టి మహానగరమైన ఏథెన్సు సైతము పామరజనుల చేతికి అధికారము నిచ్చుటవలననే చెడినదనియు, కావున రాజ్యభారమును విద్యాధికులకును ధనికులకును విడిచిపెట్టుట మేలనియు రెండవ మాట. మొదటి మాట పలుకువారు గ్రీకులను పొగడుచున్నామని తలంతురు. రెండవ మాట పలుకువారు చరిత్రమునుండి నీతి నేర్చితిమని తలంతురు. ఇరువురును పొరబడుచున్నారని మా యభిప్రాయము. రెండవ మాట పొరపాటు మాత్రమే గాదు, అపాయకరము గూడ. సామాన్యుని ఓటు హక్కును జూచి విసుగుకొను పెద్దమనుష్యులు నేటికిని దీనినే ప్రమాణముగా జూపుచున్నారు. కావున ఈ వ్యాజ్యమును మొదటినుండి విచారింపవలసియున్నది.

గ్రీకుల నాగరకత ఆకాశమునుండి యూడిపడినది గాదు. క్రీ.పూ. 1400 మొదలు 1200 వఱకు మైసీనీ, పైలోసు, టిరిన్సు మున్నగు తావుల రాజమందిరములు వర్ధిల్లినవి. ఆ రాజులకు లిపి యుండెను. 1952వ సంవత్సరమున మైకేలు వెంట్రిసు అను ఆంగ్లేయ వాస్తుశిల్పి యా లిపిని చదివి, అందలి భాష గ్రీకు భాషయే యని నిరూపించెను. కాని యా మట్టిపలకలలో దొరకిన దేమి? గొఱ్ఱెల లెక్క, నూనె లెక్క, కంచు లెక్క, పనివారికి కొలిచిపెట్టిన ధాన్యపు లెక్క. కావ్యము లేదు, ధర్మశాసనము లేదు, ఒక సామాన్యుడు తన హక్కును జెప్పుకొనిన పలుకు లేదు. వ్రాత రాజుగారి కొట్టునకు దాసియై యుండెను. క్రీ.పూ. 1200 ప్రాంతమున ఆ మందిరములు కూలగా ఆ వ్రాతయు వానితోడనే నశించినది. దాదాపు నాలుగువందల యేండ్లు గ్రీసుదేశము నిరక్షరమై యుండెను. గాలి యదియే, రక్త మదియే. ఆ నాలుగువందల యేండ్లలో నొక్క తత్త్వవేత్త పేరైనను మనకు వినరాదు.

మఱి యేమి జరిగినది? క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దమున గ్రీకులు సముద్రవ్యాపారములో ఫినీషియను వర్తకులతో గలసిమెలసి, వారి యక్షరములను నేర్చుకొనిరి. దీనిని జెప్పుకొనుటకు వారు సిగ్గుపడలేదు. తమ యక్షరములు ఫినీషియనులవే యని హెరొడోటసు వ్రాసియున్నాడు. హల్లులు మాత్రమే గల యా లిపికి గ్రీకులు అచ్చులను జేర్చిరి. అంతట ఇరువదికి పైబడిన కొలది గుర్తులతో కుమ్మరియు నావికుడును చదువను వ్రాయను గలిగిరి. మనకు దొరకిన మొట్టమొదటి గ్రీకు వ్రాతలలో రాజుల బిరుదులు లేవు. ఏథెన్సులో దొరకిన యొక కూజామీద నాట్యమున గెలిచినవానికి బహుమానమను మాటయు, ఇటలీ యొడ్డున ఇస్కియా ద్వీపమున దొరకిన యొక పానపాత్రమీద వినోదపు పద్యమును గలవు. శిల్పవిద్యలో ఐగుప్తునకును, నాణెముల విషయమున లిడియాకును, నక్షత్రగణితమున బాబిలోనునకును గ్రీకులు ఋణపడియున్నారు. ఎరువు తెచ్చుకొనుటలో లజ్జ లేదు. తెచ్చిన యెరువుతో నేమి చేసిరనునదియే ప్రశ్న.

వారు చేసినది యిది: రాజుగారి కొట్టులో దాసియై యుండిన వ్రాతను దెచ్చి నలుగురు చూచు గోడమీద శాసనముగా నిలిపిరి. క్రీటు ద్వీపమున డ్రేరోసు అను చిన్న యూరు గలదు. అచ్చటి దేవాలయపు గోడరాతిమీద క్రీ.పూ. 650 ప్రాంతమున చెక్కిన శాసనము, రాతిమీద మనకు మిగిలిన గ్రీకు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది. అందలి విషయ మేమి? దొంగలకు శిక్షయా? పన్నులా? కాదు. ఒకమారు ముఖ్యాధికారియైనవాడు మరల పది సంవత్సరముల వఱకు ఆ యధికారమును వహింపరాదనియు, వహించి తీర్పులు చెప్పినచో ఆ తీర్పుల కిమ్మతునకు రెట్టింపు తానే యిచ్చుకొనవలయుననియు నందు గలదు. న్యాయస్థానములలో మెలగు మాకు ఇంతకంటె హృదయంగమమైన శాసనము కానరాదు. ప్రజలను కట్టుటకు ముందు అధికారిని గట్టినది యా రాయి. గ్రీకు నాగరకత యొక్క రహస్యము రక్తములో లేదు, ఆ రాతిలో గలదు.

ఏథెన్సులో ఈ పని క్రీ.పూ. 621 ప్రాంతమున డ్రాకోతో మొదలైనది. డ్రాకో కఠినుడని వాడుక. కాని బుద్ధిపూర్వకముగా చంపుటకును, పొరపాటున ప్రాణము పోవుటకును భేదము గలదని శాసనమున వ్రాయించినవాడును అతడే. అంతకుముందు చంపినవానిని చచ్చినవాని బంధువులు వెన్నాడి తాము తలచిన పగ తీర్చుకొనుచుండిరి. ఆ శాసనమును క్రీ.పూ. 409లో మరల చెక్కించిన రాయి యేథెన్సు నగరమున నేటికిని గలదు.

డ్రాకో పగను గట్టెను గాని అప్పును గట్టలేదు. అప్పు తీర్పలేని రైతు తన దేహమునే తాకట్టు పెట్టుచుండెను. తుదకు తానును తన బిడ్డలును దాసులుగా నమ్ముడుపోవుచుండిరి. క్రీ.పూ. 594లో సోలను అధికారమునకు వచ్చి, ఆ ఋణములను రద్దుచేసి, ఇకమీద మనుష్యదేహమును హామీగా బెట్టి అప్పిచ్చుట చెల్లదని శాసించెను. పొలములలో పాతిన తాకట్టు రాళ్ళను పెకలించెను. పరదేశములకు అమ్ముడుపోయి తమ మాతృభాషనే మఱచిన వారిని సైతము మరల స్వదేశమునకు దెచ్చెను. అన్యాయ మెవనికి జరిగినను, ఇష్టమున్న యే పౌరుడైనను వానిపక్షమున అభియోగము తేవచ్చుననెను. అధికారి తీర్పుపై ప్రజలకు అపీలు గలదనెను. నిరంకుశాధిపత్యము తన చేతికి రాదగి యుండగా దానిని వలదని, పదియేండ్లు దేశాంతరము పోయెను. ఈ యప్పుల రద్దే లేనిచో తరువాతి ప్రజాప్రభుత్వమే లేదు. ఋణదాతకు దాసుడైనవాడు సభలో చేయెత్తి యేమి ప్రయోజనము?

తరువాత పిసిస్ట్రాటసును వాని కుమారులును నిరంకుశులై యేలి, క్రీ.పూ. 510లో తొలగిరి. 508లో క్లైస్థనీసు పాత కులముల కట్టును సడలించి, పౌరులను 139 గ్రామములుగాను పది నూతన విభాగములుగాను కూర్చెను. స్పార్టా రాజు క్లియోమినీసు సైన్యముతో వచ్చి, ఏడువందల కుటుంబములను వెడలగొట్టి, ధనికపక్షమును గద్దె నెక్కింపజూడగా, నాయకులు పరారియై యున్న యా సమయమున ఏథెన్సు జనులు తమంతట తామే లేచి వానిని కోటలో ముట్టడించిరి. మూడవ దినమున రాజు ఒడంబడికపై వెడలిపోయెను. ప్రజలకు బుద్ధి లేదనువారు ఈ మూడు దినములను జ్ఞప్తియందుంచుకొనవలెను.

అటుపిమ్మట ఏర్పడిన వ్యవస్థను మా ప్రతిపక్షులు గుంపుపాలన యందురు. ఆ గుంపు తనకు తాను పెట్టుకొనిన కట్లను జూడుడు. అయిదువందలమంది సభ్యులు గల ఆలోచనసభను చీట్లు వేసి యేర్పఱచుచుండిరి. ఎవ్వడును తన జీవితకాలమున రెండుమార్లకు మించి యందు గూర్చుండరాదు. నేర్పు కావలసిన సేనాపతి పదవికి మాత్రము ఎన్నిక. పెరిక్లీసు వరుసగా పదునైదేండ్లు ఆ పదవికి ఎన్నుకొనబడెనని ప్లూటార్కు చెప్పుచున్నాడు. అధికారము వదలు ప్రతివాడును లెక్క లప్పగించి విచారణకు నిలువవలెను. అంతటి పెరిక్లీసునకును క్రీ.పూ. 430లో జరిమానా తప్పలేదు. ఏటేట ఆరువేలమంది పౌరులు న్యాయసభ్యులుగా ప్రమాణము చేయుచుండిరి. కూలివాడు గూడ వచ్చి కూర్చుండుటకై వారికి దినమునకు రెండు ఓబోలులు, తరువాత మూడు ఓబోలులు ఇచ్చుచుండిరి. ఈ ఓబోలులను జూచి యెగతాళి చేసినవారు ఆనాడును గలరు, ఈనాడును గలరు. బత్తెము లేని పదవి ధనికుని సొత్తగునని వా రెఱుగరా? ఎఱుగుదురు, అందుకే యెగతాళి.

ఇక అభియోగము సంగతి. ఏథెన్సును ప్రజలే చెఱచిరని చెప్పు సాక్షు లెవరు? ముఖ్యులు ముగ్గురు: థ్యుసిడైడీసు, క్సెనొఫను, ప్లేటో. ముగ్గురును మహామేధావులు, వారి గ్రంథములు శిరసావహింపదగినవి. కాని సాక్షి యెంత గొప్పవాడైనను అడ్డుప్రశ్న లడుగక విడుచుట మా వృత్తిధర్మము గాదు. థ్యుసిడైడీసు సేనాపతిగా నుండి ఆంఫిపొలిసు నగరమును గాపాడలేకపోయినందున ఇరువదియేండ్లు ప్రవాసియైనవాడు. క్సెనొఫను ఏథెన్సుచే బహిష్కృతుడై స్పార్టా ఆశ్రయమున బ్రదికినవాడు. ప్లేటో తల్లికి తోడబుట్టినవాడు ఖార్మిడీసు. ఆమె దాయాది క్రిటియసు. ప్రజాప్రభుత్వమును గూలద్రోసి యేథెన్సున నెత్తురు ప్రవహింపజేసిన పక్షమునకు క్రిటియసు నాయకుడు, ఖార్మిడీసు వాని సహాయుడు. తన గురువును చంపినవారి మీద ప్లేటోకు గల దుఃఖము మేము గౌరవించుచున్నాము. అయినను ఈ సాక్షులకు వ్యాజ్యములో స్వపక్ష మున్నదను సంగతిని తీర్పరులు మఱవరాదు. ఓడపై తెడ్డు వేసిన బీదవాడు తన పక్షమున గ్రంథము వ్రాయలేదు.

ఆ తెడ్డు వేసినవాడే క్రీ.పూ. 480లో సలామిసు జలసంధిలో పారసీక నౌకాబలమును ధ్వంసము చేసి గ్రీసును నిలిపెను. అతడు పొలము లేనివాడు, కవచము కొనలేనివాడు. లారియము వెండిగనులలో నూతనముగా దొరకిన ధనమును పౌరులు తలకింత పంచుకొనబోగా, దానితో ఓడలు గట్టింపుడని థెమిస్టోక్లీసు చెప్పెను. పామరజనము చేతికంది యున్న ధనమును విడిచి ఆ మాట వినెను. బుద్ధిహీనుల లక్షణ మిదియేనా?

ఏథెన్సు చెడలేదని మే మనుట లేదు. చెడినది. ఏల చెడినది? పారసీకులు మరల రాకుండుటకై క్రీ.పూ. 478లో ఈజియను సముద్రపు నగరములు ఏథెన్సుతో కూటమి కట్టినవి. కూటమి ధనము డీలోసు ద్వీపమున నుండెను. వెడలిపోవజూచిన నాక్సోసును, తరువాత థాసోసును ఏథెన్సు బలముచే నణచెను. 454లో ధనాగారము డీలోసునుండి ఏథెన్సునకు దరలింపబడినది. ప్రతి నగరపు చందాలోను అఱువదవవంతు ఎథీనా దేవికి జెల్లినట్లు చెక్కిన రాళ్ళు నేటికిని గలవు. చందా కప్పమైనది, మిత్రుడు సామంతుడైనాడు. 447లో పార్థినను దేవాలయ నిర్మాణము మొదలయ్యెను. మిత్రుల ధనముతో నగరమునకు నగలు పెట్టుచున్నారని ఏథెన్సు సభలోనే నింద వచ్చినట్లు ప్లూటార్కు వ్రాసియున్నాడు. ఆ పాలరాతి సౌందర్యమును జూచి లోకము చేతులు జోడించుచున్నది, మేమును జోడింతుము. కాని ఆ రాళ్ళక్రింద నెవరి రాబడి గలదో విస్మరింపము.

క్రీ.పూ. 427లో మైటిలీనీ తిరుగబడి ఓడినప్పుడు, అందలి పురుషుల నెల్ల చంపుడని సభ తీర్మానించెను. మఱునాడు పౌరులు పశ్చాత్తప్తులై మరల సభ జేరి, ఆ తీర్మానమును గొట్టివేసిరి. రెండవ ఓడ రేయింబవళ్ళు తెడ్లు వేసికొని పోయి, మొదటి యాజ్ఞ నెఱవేఱబోవు సమయమునకు జేరెను. అయినను వేయికి మించిన ముఖ్యుల ప్రాణములు పోయినవి. 416లో మెలోసు ద్వీపము తటస్థముగా నుండగోరినందుకు పురుషులను జంపిరి, స్త్రీలను బిడ్డలను దాసులుగా నమ్మిరి. ఈసారి రెండవ ఓడ బయలుదేఱలేదు. పదునొకండేండ్లలో హృదయ మెంత గట్టిపడినదో చూడుడు! పరులను ఏలుట నేర్చినవానికి మొదట నశించునది కనికరము, తరువాత వివేకము. మఱుసటి సంవత్సరమే సిసిలీని గబళింపబోయి, 413లో సేన సర్వము గోల్పోయిరి. ఏడువేలకు తక్కువగాని బందీలు సిరాక్యూసు రాతిగనులలో మ్రగ్గిరి. ఆ దండయాత్రకు పురికొల్పినవా డెవడు? తోలుపని చేయువాడా, దీపములమ్మువాడా? కాదు; ఉన్నతవంశీయుడు, విద్యావంతుడు, సోక్రటీసు సహచరుడునైన ఆల్కిబియాడీసు. దోషము వోటు వేసిన చేతులది గూడ నని యొప్పుకొందుము. కాని వారు సామాన్యులైనందున దోషులు గారు. పరులకు ప్రభువులు గాగోరినందున దోషులైరి.

రెండవ దోషము ఇంటిలోనిది. స్వేచ్ఛను గూర్చి యింత మాటాడిన నగరము దాసుల వెన్నులమీద నిలిచియుండెను. నిసియసు అను ధనికుడు వేయిమంది దాసులను లారియము గనులకు, మనిషికి దినమునకొక ఓబోలు చొప్పున, అద్దె కిచ్చుచుండెనని క్సెనొఫను చెప్పుచున్నాడు. ఎరెక్థియము దేవాలయపు కట్టడపు లెక్కలలో పౌరునికిని, పరదేశికిని, దాసునికిని దినకూలి ఒక్కటియే, ఒక్క డ్రాక్మా. పని సమమని రాయి యొప్పుకొనినది, మనిషి సమమని చట్ట మొప్పుకొనలేదు. స్త్రీకి సభలో స్థానము లేదు. క్రీ.పూ. 451లో పెరిక్లీసు, తలిదండ్రు లిరువురును ఏథెన్సువారైననే పౌరత్వమని కట్టడి చేయించెను. తుదకు తన పెద్దకొడుకులు మహామారిచే జనిపోగా, పరదేశస్త్రీ యాస్పాసియాకు బుట్టిన కొడుకునకై తన శాసనమునుండి మినహాయింపు వేడుకొనవలసివచ్చెను. అరిస్టాటిలంతటివాడు దాస్యము ప్రకృతిసిద్ధమని సమర్థించెను. ప్రకృతి సమాధానము వేఱుగ నుండెను: స్పార్టావారు క్రీ.పూ. 413లో డెకెలియాలో కోట గట్టగానే ఇరువదివేలకు పైగా దాసులు ఏథెన్సును విడిచి పాఱిపోయిరి. స్వేచ్ఛలో పాలు లేనివాడు ఆ స్వేచ్ఛకై యేల పోరాడును?

అట్లయిన స్పార్టాయే మేలనువారు గలరు. దాని కట్టుబాటును మెచ్చుకొందురు. ఆ కట్టుబాటు తమ హెలాటు దాసులకు వెఱచి నేర్చినది. ఏటేట ఆ హెలాటులపై యుద్ధము చాటుచుండిరి. 371లో ల్యూక్ట్రా యొద్ద ఒక్క యోటమి తగులగానే ఆ రాజ్యము మరల లేవలేదు. మెస్సీనియా దాసులు రెండేండ్లలో స్వతంత్ర నగరము గట్టుకొనిరి.

క్రీ.పూ. 404లో ఏథెన్సు లొంగిపోయినప్పుడు విద్యాధికులును ధనికులును కోరినట్లే అధికారము ముప్పదిమంది చేతికి వచ్చెను. వా రేమి చేసిరి? పౌరుల జాబితాను మూడువేలకు గుదించిరి. కోటలో స్పార్టా సేనను నిలిపికొనిరి. ఎనిమిది మాసములలో పదునైదువందలమందిని చంపిరి. ధనమునకై పరదేశులను బట్టిరి. ప్రసిద్ధ వక్త లిసియసు తప్పించుకొనెను గాని వాని యన్న విషము త్రాగవలసివచ్చెను. గుంపుపాలన నూఱేండ్లలో ఇంటిలో ఇంత నెత్తురు చిందింపలేదు.

థ్రాసిబ్యూలసు డెబ్బదిమందితో కొండకోట నొకదాని బట్టి, సామాన్యులను గూర్చుకొని, 403లో నగరమును విడిపించెను. గెలిచిన ప్రజలు పగ దీర్చుకొనిరా? ముఖ్య నేరస్థులు తప్ప తక్కినవారి గత దోషములను జ్ఞాపకము చేయబోమని ప్రమాణము చేసిరి. వ్రాయబడని చట్టము నెవ్వడును ప్రయోగింపరాదని శాసించిరి. అంతేకాదు: తమపై యుద్ధము చేయుటకై ధనికపక్షము స్పార్టా యొద్ద తెచ్చిన అప్పును సైతము అందఱును గలసి తీర్చిరి. తమ గొంతు కోయుటకు గొన్న కత్తి ధరను తామే చెల్లించిన వీరిని పామరులనియెదరా? ఈ సంగతిని చెప్పు ఏథెన్సు రాజ్యవ్యవస్థ యను గ్రంథము ఐగుప్తుదేశపు పొలములెక్కల వెనుకవైపున వ్రాయబడి దొరకి, 1891లో ప్రకటితమైనది. ఒక లెక్కచీటి వెనుక నిలిచిన సాక్ష్యము, ఎన్నో మహాగ్రంథముల నిందకు సమాధానము.

సోక్రటీసు మాట యేమని యడుగుదురు. అడుగవలసినదే. 399లో న్యాయసభ ఆ మహనీయునకు మరణశిక్ష విధించినది. అది ఏథెన్సునకు తీఱని కళంకము. 406లో ఆర్గినూసే యుద్ధము గెలిచిన సేనాపతులలో ఆర్గురను, పెరిక్లీసు కొడుకుతోగూడ, ఒక్క వోటుతో చంపించినదియు కళంకమే. కాని యా రెండవ విచారణ చట్టవిరుద్ధమని యడ్డు నిలిచినవాడు సోక్రటీసే. ఆ దినమున నతడు చీటిచే ఏర్పడిన సామాన్య సభ్యుడుగ గూర్చుండెను. గుంపు తన శాసనమును దాటిన దినమున గుంపైనది. శాసనమున నిలిచినంతకాలము ప్రజయై యుండెను. దీనినుండి నేర్వవలసినది ప్రజలకు వోటు తీసివేయుమని గాదు, శాసనమును దాటనీయకుమని.

క్రీ.పూ. 508 మొదలు 322 వఱకు, రెండు స్వల్ప విరామములు తప్ప, ఆ ప్రజాప్రభుత్వము నిలిచినది. ఆ విరామములు రెండును ధనికుల కుట్రలే. తుదకు దానిని నిలిపినది సభలోని గలభా గాదు, మాసిడోనియా ఖడ్గము. ఆంటిపేటరు చేసిన మొదటి పని యేమి? రెండువేల డ్రాక్మాల యాస్తి లేనివానికి వోటు లేదని శాసించుట. ఏథెన్సుకు శత్రువైనవాడు బీదవాని వోటునకే యేల వెఱచెనో మా ప్రతిపక్షులు యోచింతురుగాక.

మా తీర్పు ఇది. ఏథెన్సును పెంచినది రక్తము గాదు, నలుగురు చదువగలిగిన శాసనము. దానిని గూల్చినది సామాన్యుని వోటు గాదు. ఆ వోటును దాసునకు, స్త్రీకి, మిత్రనగరమునకు నిరాకరించిన లోభము. స్వేచ్ఛను తన యింటి గడపలోపల దాచుకొనజూచినవాడు దానిని ఇంటిలోను నిలుపుకొనజాలడు. వోటు వలదనువారు మీ పఠనమందిరమునకు వచ్చి ఏథెన్సు పేరెత్తినప్పుడు, చదువరులారా, వారిని ఒక్క ప్రశ్న యడుగుడు: ఆ ముప్పదిమంది యప్పును తీర్చిన దెవరు?